ఆగే దూరం

"ఇంకోసారి నా జీపుకు అడ్డం వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను!"

మలుపులో బ్రేకు తొక్కి అరిచాడు రోడ్ల ఇంజనీరు.

ఎర్రగుడ్డ పట్టుకున్న ముసలాయన పక్కకు తప్పుకున్నాడు.

"నిదానంగా వెళ్ళు బాబూ" అన్నాడు. వచ్చేపోయే వాళ్ళందరికీ అతను చెప్పే మాట అదొక్కటే.

మలుపు తిరగగానే బడి గేటు. అక్కడ స్పీడ్ బ్రేకర్ కావాలో అక్కర్లేదో తేల్చడం ఇంజనీరు పని. వారం రోజులుగా బడి వేళల్లో గేటు ముందు వాహనాల వేగం కొలిచాడు. ఆ వేగాన్ని, రోడ్డు పట్టును, డ్రైవరు కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి పట్టే సమయాన్ని తెచ్చి, బండి ఆగే దూరం లెక్కగట్టే సూత్రంలో పెట్టాడు.

"ఇంత చక్కటి లెక్క నా సర్వీసులో చూళ్ళేదు మేడమ్. ఏ బండైనా గేటుకు చాలా ముందే ఆగిపోతుంది. స్పీడ్ బ్రేకర్ దండగ."

హెడ్మిస్ట్రెస్ ముఖం వాడిపోయింది.

"చిన్నపిల్లలు సార్. లెక్క తప్పితే?"

"నేను తప్పుతానేమోగానీ, లెక్క తప్పదు" అని మీసం దువ్వాడు మహానుభావుడు.

కాసేపట్లో పై అధికారి తనిఖీకి వస్తున్నాడు. మలుపులో ఆ అవతారం కంటపడితే పరువు పోతుందని బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ని పిలిచాడు.

"ఈ పిచ్చోణ్ణి వ్యానెక్కించు. ఎక్కడైనా దూరంగా వదిలెయ్."

ముసలాయన ఇంజనీరు చెయ్యి పట్టుకున్నాడు.

"బడి గంట కొట్టేదాకా ఉండనివ్వు బాబూ. తర్వాత నేనే పోతాను."

ఇంజనీరు చెయ్యి విదిలించుకున్నాడు. ఎర్రగుడ్డ లాక్కుని దాంతోనే బూట్లు తుడుచుకున్నాడు. చూస్తున్నవాళ్ళు పగలబడి నవ్వారు.

వ్యాను అటు వెళ్ళిందో లేదో, ఇటు మలుపులోంచి లారీ దూసుకొచ్చింది.

డ్రైవరు బ్రేకు తొక్కాడు. లారీ గేటు దాటాకగానీ ఆగలేదు.

చక్రాల కింద ఇద్దరు పిల్లలు. బ్యాగులు ఇంకా వాళ్ళ భుజాలకే ఉన్నాయి.

హెడ్మిస్ట్రెస్ రోడ్డు మీదే కూలబడిపోయింది. ఇంజనీరు టైర్ల జాడ కొలిచాడు. సూత్రం నిజంగానే తప్పలేదు. అంత వేగంతో వచ్చిన లారీ అంత దూరంలోనే ఆగుతుంది. కానీ వారమంతా ఒక్క బండీ అంత వేగంగా రాలేదే!

వెళ్ళి డ్రైవరు కాలరు పట్టుకున్నాడు.

"రోజూ బుద్ధిగా నెమ్మదిగా వచ్చేవాడివి కదరా! ఇవాళేం పోయేకాలం వచ్చింది?"

డ్రైవరు భోరుమన్నాడు.

"బడి ఉన్న రోజు మలుపులో తాత ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడతాడు సార్. ఆయన్ని చూసే మేమంతా బ్రేకు మీద కాలేస్తాం. ఇవాళ తాత లేడు... బడికి సెలవనుకున్నాను సార్!"