ఊదా రంగు టేపు

నేవెంకా చనిపోయిన రోజు స్పీకర్లలో రొద అన్నదే లేదు. అంత శుభ్రమైన శబ్దం స్టేషను పక్కనున్న ఆ హాల్లో ఎప్పుడూ వినలేదని పెళ్లికి వచ్చినవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. పాట చివర ఆమె ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో సరదాగా పక్కవాడి బాస్ గిటారు తీగను మీటింది. అంతే. ఇరవై ఆరేళ్ల పిల్ల.

హాలు వైరింగు పాతదని పోలీసులు రాసుకున్నారు. బాస్ వాయించినవాడు ఆ ఒక్క పూటకు వచ్చినవాడు. అతని పేరు కూడా ఎవరికీ గుర్తులేదు.

ఆసుపత్రిలో తండ్రి రదిసావ్‌కు అప్పగించిన ఆమె చెప్పు అడుగున ఒక టేపు ముక్క అంటుకుని ఉంది. ఊదా రంగుది. దాని మీద ప్లగ్గు పక్కనుండే ఎర్త్ రేకు అచ్చు పడి ఉంది. ముప్పై ఏళ్లు బళ్లో ఫిజిక్స్ చెప్పిన మనిషికి అది చాలు. ఆంప్లిఫయర్ రొద చేస్తుంటే కొందరు ఆ రేకు మీద టేపు చుట్టేస్తారు. రొద పోతుంది. రక్షణా పోతుంది. ఆంప్లిఫయర్‌లో ఎక్కడైనా కరెంటు లీకైతే, నేలలోకి దిగాల్సింది గిటారు తీగల్లోనే కాచుకుని ఉంటుంది, మైకును తాకిన మనిషి కోసం.

ఆ వేసవిలోనే ఆయన బడి మానేసి సౌండు పనిలోకి దిగాడు. ఐదేళ్లుగా తిమోక్ లోయలో ఏ పెళ్లికి వెళ్లినా ముందు ప్లగ్గులు చూస్తాడు. టేపు కనిపిస్తే విప్పుతాడు. విప్పినదాన్ని తన వ్యాను తలుపుకు లోపల కొట్టిన అట్ట మీద అంటించి, కింద ఊరి పేరు, తేదీ రాస్తాడు. ఇప్పటికి ముప్పై ఏడు. నల్లవి, తెల్లవి, ఒకటో రెండో ఎర్రవి. అన్నిటికీ పైన ఊదా రంగుది. దాని కింద ఊరు లేదు, తేదీ లేదు. నేవెంకా అని మాత్రం ఉంది. ఆ ముక్క ఎవరిదో మాత్రం తెలియలేదు.

"మాస్టారు వచ్చారంటే మన ప్రాణాలకు ఢోకా లేదు," అంటారు పాటగాళ్లు.

ఈ శనివారం మధ్యాహ్నం పెళ్లి గుడారం పక్కన నిప్పుల మీద విందు గొర్రెపిల్ల ఇంకా సగమే కాలింది. అకార్డియన్ వాయించే స్తమెనా పరుగున వచ్చింది.

"మాస్టారూ, మా బాసాయన మణికట్టు విరిగింది. నిష్ పట్నం నుంచి తిహోమిర్ అని ఒకాయన్ని పిలిపించా. ఆయన ఆంప్ ఒకటే గుంయ్‌మంటోంది. పెళ్లివాళ్లు చర్చి నుంచి వచ్చేస్తారు, కాస్త చూడండి."

తిహోమిర్ బొజ్జ ఊపుకుంటూ ఎదురొచ్చాడు. "మీరేనా ప్లగ్గుల మాస్టారు? నన్ను మాత్రం బెంచీ ఎక్కించకండి. ఇవాళ టేపు వెయ్యలేదు. ఈవిడ ఒట్టేయించుకుంది."

రదిసావ్ గిటారు వైరు మార్చాడు. రొద తగ్గలేదు. లైట్ల వైరును దూరంగా జరిపాడు. తగ్గలేదు. ఆంప్ ప్లగ్గును ఒక్క క్షణం ఎర్త్ లేని సాకెట్లో పెట్టి, వెనక రేకును చేతి వెనకవైపుతో తాకి చూశాడు.

"చీమలు పాకినట్టుంది బాబూ."

"ముసల్ది కదండీ, మా ఆవిడలాగే. అప్పుడప్పుడూ కరుస్తుంది."

రదిసావ్ నవ్వాడు. పక్కన పెట్టిన వైరు తీసి చుట్టబోయాడు. రెండు కొసలకూ ఊదా రంగు టేపు ఉంది.

"ఇదేమిటి?"

"నా గుర్తండీ. అందరి వైర్లూ నల్లవేగా. ఎవడి రంగు వాడు చుట్టుకోకపోతే సర్దేటప్పుడు ఎవడిది ఎవడి సంచిలో పడుతుందో! ఇది మా బావ సరిహద్దు దాటి త్రియెస్తె నుంచి తెస్తాడు. ఈ రంగు ఇక్కడ ఇంకెవడి దగ్గరా లేదు."

"ఇక్కడ స్టేషను పక్క హాల్లో ఎప్పుడైనా వాయించావా?"

"ఒకే ఒక్కసారి. వద్దులెండి ఆ ఊసు. పాడే పిల్ల పోయింది. హాలు వైరింగు మరీ చెత్త. పోలీసులు వచ్చేలోపు ప్లగ్గులూ వైర్లూ పీకేసి నా సామాను నేను సర్దేశా. లేకపోతే ఆంప్ పట్టుకుపోయేవాళ్లు, ఎన్నాళ్లకిచ్చేవాళ్లో!"

"ఆ పిల్ల పేరు?"

"ఏమో మాస్టారూ. బాగానే పాడేది."

రదిసావ్ వైరును చక్కగా చుట్టి అతని చేతికిచ్చాడు.

"పది నిమిషాలు ఇవ్వు. వెళ్లి ఒక చుక్క రకియా తాగి రా."

తిహోమిర్ తిరిగొచ్చేసరికి గుడారంలో రొద లేదు. అతను స్పీకరుకు చెవి ఆనించి విన్నాడు. ఆశ్చర్యపోయి మాస్టారిని కావలించుకుని, బుగ్గల మీద మూడుసార్లు ముద్దు పెట్టాడు.

"ఏం చేశారండీ?"

"చిన్న పని. ఐదేళ్ల కిందట చెయ్యాల్సింది."

"ఐదేళ్ల కిందట మీరు నాకు తెలియదే!" అని తిహోమిర్ పగలబడి నవ్వాడు.

"ఇవాళ పాటకు రెండో గొంతు నువ్వు కలుపు," అన్నాడు రదిసావ్. "పెదాలు మైకుకు ఆనించు, అప్పుడే మాట నిండుగా వస్తుంది. తీగల మీంచి చెయ్యి తియ్యకు."

"చిత్తం మాస్టారూ!" తిహోమిర్ బడి పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

తర్వాత రదిసావ్ స్తమెనాను పక్కకు పిలిచాడు. "నువ్వు ఆ చివర నుంచో తల్లీ. అతని గిటారు జోలికి వెళ్లకు." ఆమెకు నేవెంకా గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకుని, ఆయన చెయ్యి నొక్కి వెళ్లింది.

పెళ్లికార్ల హారన్లు వినిపించాయి. గుడారం నిండింది. అకార్డియన్ అందుకుంది. వెనకే బాస్ కలిసింది, ఎక్కడా రొద లేకుండా. రదిసావ్ వ్యాను దగ్గరికి నడిచి, తలుపు తెరిచి, అట్ట ఎదురుగా కూర్చుని చెవి ఒగ్గి విన్నాడు. తిహోమిర్ గొంతు సవరించుకోవడం కూడా స్పష్టంగా వినిపించింది.

అట్ట మీద నేవెంకా అన్న పేరుకు పైన చోటు ఖాళీగా ఉంది; అక్కడి ముక్కను ప్లగ్గు నుంచి విప్పి తెచ్చి మళ్లీ అంటించే పని ఒక్కటే మిగిలి ఉంది.