లీటరుకు పదమూడు

బంకులో ట్యాంకు నిండి పంపు ‘టక్’మని ఆగేసరికి యాకయ్య గుండె కూడా ఆగినంత పనైంది.

"ముప్పై లీటర్లు పట్టిందన్నా," అన్నాడు బంకతను.

యాకయ్య పికప్ బండికి పదహారేళ్లు. అందులో కిలోమీటర్ల మీటరు ఎప్పుడో పాడైపోయింది. బాగు చేయించాలని అతనికి ఎన్నడూ అనిపించలేదు. అవసరమేముంది? రోజూ సుబేదారి నుంచి ములుగుకు కిరాణా సరుకు వేసుకుపోయి రావడం, రానూ పోనూ వంద కిలోమీటర్లు. మూడు ట్రిప్పులకోసారి ట్యాంకు నింపి, మూడు వందల్ని పట్టిన లీటర్లతో భాగించడమే అతని మీటరు. ఏళ్ల తరబడి లీటరుకు పదమూడు వచ్చింది. నెల రోజులుగా పది దాటి రావడం లేదు.

బండంటే అతనికి ప్రాణం. దాని స్టీరింగ్ మీద ఇంకెవరైనా చెయ్యేస్తే తన చెంప మీద వేసినట్టు ఉలిక్కిపడతాడు. అలాంటి బండి ఇలా అడ్డగోలుగా డీజిల్ తాగుతుంటే కడుపు తరుక్కుపోదూ!

వాళ్ల గల్లీ ఇరుకు. అందుకని మధ్యాహ్నం ములుగు నుంచి రాగానే బండిని రోడ్డు మీద మెకానిక్ రాజేష్ షెడ్డు ముందు పెట్టి, ఇంటికొచ్చి, తాళంచెవి మేకుకు తగిలించి, అన్నం తిని నాలుగింటిదాకా పడుకుంటాడు. మొగుడి నిద్ర చెడకూడదని భద్రమ్మ తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేసి బయటకు వెళ్లిపోతుంది. అంత మంచి ఇల్లాలు.

రాజేష్ చేయని వైద్యం లేదు. ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. టైర్లలో గాలి సరిచేశాడు. బ్రేకులు పట్టేస్తున్నాయేమోనని నాలుగు చక్రాలూ జాకీ మీద లేపి తిప్పి చూశాడు. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పి టెస్టుకు పంపించాడు. అయినా పదే.

"ఎవడో డీజిల్ గుంజుతాండు తమ్మీ!" అని యాకయ్య ట్యాంకు మూతకు తాళం వేయించి, దాని చెవి మెడలో తాయెత్తు పక్కన కట్టుకున్నాడు. అయినా పదే.

చివరికి రాజేష్ క్లచ్ విప్పాడు. ప్లేటు పూర్తిగా అరిగిపోయి ఉంది.

"యాకన్నా, క్లచ్ మీద కాలు తియ్యకుంట హాఫ్ క్లచ్‌ల నడుపుతానవా ఏంది?"

"ఇరవై ఏండ్ల సంది నడుపుతున్న. నాకు క్లచ్ తొక్కుడు నేర్పుతవారా?"

రాజేష్ పానాల పెట్టెలో దేనికోసమో వెతుకుతూ ఉండిపోయాడు. సాయంత్రానికి కొత్త ప్లేటు వేశాడు.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని యాకయ్య మనసులో మాట బయటపెట్టాడు.

"నెలాఖరు దాకా చూస్తనే. పన్నెండన్న రాకుంటే బండిని శ్రీకాంత్ సేటుకు అమ్మేస్త. సరుకు ఆయనదే గద, బండి కూడ ఆయనే తీసుకుంటడట. నన్ను దాని మీదనే డ్రైవర్‌గ పెట్టుకుంటడట." ఆ చివరి మాట దగ్గర అతను కంచం పక్కకు జరిపేశాడు.

భద్రమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"అమ్ముడేందయ్యా? జర ఆగరాదు!"

"ఎన్ని దినాలు ఆగాలె? దాని కడుపుల ఏం రోగముందో ఎవనికీ సమజైతలేదు."

ఆమె ముఖం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బండి పోతుందంటే ఆమెకూ బాధే మరి.

మర్నాడు రాజేష్ కూడా అదే పాట అందుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు యాకన్నా. పదో తారీఖు దాటనియ్యి."

"పదో తారీఖుకు ఏముందిరా?"

"కొత్త ప్లేటు సెట్ కావద్దా మరి!"

పదో తారీఖు రానే వచ్చింది. ఆ పొద్దున భద్రమ్మ సంఘం మీటింగ్ ఉందని పెట్టెలోంచి చీర తీసి కట్టుకుని వెళ్లింది. సాయంత్రం కిలో జిలేబీతో తిరిగొచ్చింది. బండి బెంగతో మొగుడు చిక్కి సగమైపోతుంటే ఈమెకు జిలేబీ ఏమిటని యాకయ్య ముఖం మాడ్చుకున్నాడు. తినడం మాత్రం నాలుగు తిన్నాడు.

పదమూడో తారీఖున ట్యాంకు నింపిస్తే ఇరవై ఐదు లీటర్లే పట్టింది. పన్నెండు! యాకయ్య నమ్మలేక మళ్లీ లెక్క కట్టాడు. ఆ తర్వాతి సారి ఇరవై మూడు. లీటరుకు పదమూడు! బంకతన్ని వాటేసుకున్నాడు. శ్రీకాంత్ సేటుకు ఫోన్ చేసి, బండి అమ్మేది లేదని గట్టిగా చెప్పేశాడు. రాజేష్‌కు బిర్యానీ తినిపించాడు.

"నీ చేతిల ఏదో ఉంది తమ్మీ!"

"నాదేం లేదన్నా," అని రాజేష్ పడీ పడీ నవ్వాడు.

ఆ నెల చివరి సోమవారం. సరుకు లోడు ఆలస్యమవుతుందని తెలిసి యాకయ్య ఈలపాట పాడుకుంటూ బండి కడుగుతున్నాడు. అటుగా పోస్ట్‌మాన్ మొగిలయ్య వచ్చాడు. దొరికిందే సందని యాకయ్య అతన్ని నిలబెట్టి మైలేజీ పాఠం మొదలుపెట్టాడు.

"గాలి జూసుకోవాలె, ఫిల్టర్ జూసుకోవాలె. అన్నిటికన్న ముఖ్యం నడిపేటోని ఒడుపు. గేరు ఎప్పుడెయ్యాలె, క్లచ్ ఎప్పుడిడువాలె అన్నది అందరికీ రాదే మొగిలన్నా, ఏండ్లు పడతది!"

మొగిలయ్య ఓపిగ్గా తలూపి సంచిలోంచి ఒక కవరు తీశాడు. "వదినె పేరు మీద స్పీడ్ పోస్టొచ్చింది. సంతకం పెట్టు."

"దానికెవరు రాస్తరే?"

యాకయ్య తడి చేతులు లుంగీకి తుడుచుకుని కవరు చింపితే, లోపల భద్రమ్మ ఫొటోతో కొత్త డ్రైవింగ్ లైసెన్సు!