డబ్బా మీద కాలు

"కాకా, కాలు తియ్యి" అన్నాడు తుషార్.

రాజారాం తియ్యలేదు. కుర్చీలో వెనక్కి వాలి, రెండు పాదాలూ స్పీకర్ డబ్బాకు ఆనించి అలాగే కూర్చున్నాడు. మొన్న ఖండే నవమికి ఆ డబ్బాకు పెట్టిన పసుపు కుంకుమ ఇంకా చెదరలేదు. పూజ చేసిన వస్తువు మీద కాలా? అదీ పోయిన కొడుకు ప్రథమేశ్ డబ్బా మీదా? తుషార్‌కు చిర్రెత్తింది. ఆయన భార్య కమల వైపు చూస్తే ఆమె విననట్టే తల వంచుకుని బీడీలు చుడుతోంది. కొడుకు పోయి సరిగ్గా ఏడాదైన రోజున ఆ తండ్రితో తగవేమిటని, తుషార్ బేస్ గిటార్ ఒళ్లోకి తీసుకున్నాడు.

సాయంత్రం కొంతం చౌక్‌లో ప్రోగ్రాం. ప్రథమేశ్ కట్టిన చివరి పాటను ప్రథమేశ్ సౌండ్‌తోనే వాయించాలని బ్యాండంతా ఒట్టు పెట్టుకుంది. ఆ సౌండ్ సగం వాడి వేళ్లలో ఉండేది, సగం గిటార్‌కూ డబ్బాకూ మధ్య తగిలించే ఈ కంప్రెసర్ పెడల్‌లో. గట్టిగా కొట్టిన దెబ్బను ఇది అణుస్తుంది, మెల్లగా తాకినదాన్ని పైకి లేపుతుంది. ఎంత అణచాలో ఎంత లేపాలో దాని మీది మూడు నాబ్‌లు తేలుస్తాయి. స్నేహితుడు వదిలిపోయిన చోటే అవి ఉంటాయనుకుని వచ్చాడు తుషార్. తీరా చూస్తే మూడూ సున్నా మీద ఉన్నాయి.

తానే తిప్పానని చెప్పింది కమల. ఖండే నవమికి బీడీల కత్తెర దగ్గర్నుంచి ఇంట్లో ఉన్న పనిముట్లన్నీ తుడిచి పూజకు పెడతారు. సందుల్లో దుమ్ము పోవాలని ఆ నాబ్‌లను కూడా గిరగిరా తిప్పి మరీ తుడిచిందట.

"వాడు పెట్టిపోయింది నా చేతులతోనే తుడిచేసిన బిడ్డా" అంది. చేతిలోని ఆకు పక్కన పెట్టేసింది. "మీ కాకాకు ఎరుకే. ఆయన చెప్తడు."

తుషార్‌కూ అదే ఆశ. అశోక్ చౌక్ మరమగ్గాల కార్ఖానాల్లో రాజారాం జాబర్ అంటే తెలియనివాళ్లు లేరు. ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి మోగుతుంటే ఒక్కోదాని మీద చెయ్యి వేసుకుంటూ పోయి, తేడా ఉన్నదాని దగ్గర టక్కున ఆగిపోతాడు. మగ్గం బాగుచెయ్యడానికి ఆయన్ని మించినవాడు లేడనీ, ఏం చెవిరా అనీ జనం చెప్పుకుంటారు.

మొదట తనకు గుర్తున్నట్టు పెట్టాడు తుషార్. అణచడం సగానికి తక్కువ. వేలి దెబ్బ ముందు ఠంగుమని, తర్వాత నాదం నిలిచేలా. ప్రథమేశ్ పక్కన నిలబడి వాయిస్తున్నట్టే ఉంది.

రాజారాం తల అడ్డంగా ఊపాడు. "కాదు. చిన్నయి వస్తలేవు."

ఏవి రావడం లేదని తుషార్ అడిగాడు. ఆయన పలకలేదు. కమల లేచి వెళ్లి మొగుడి భుజం తట్టి, ఎదురుగా నిలబడి అదే మాట మళ్లీ అడిగింది. పగలంతా సాంచాల మోత ఉండే ఆ వాడలో ఏ మాటైనా రెండుసార్లు చెప్పాల్సిందే కాబట్టి తుషార్ అదేమీ పట్టించుకోలేదు.

"మెత్తగ కొట్టినయి" అన్నాడు రాజారాం. "అవి పోతున్నయి."

తుషార్ నాబ్‌ను ఒక గీత పెంచాడు. రాజారాం కాదన్నాడు. ఇంకో గీత. కాదు. అరగంట గడిచింది. పాట చెడిపోతోంది గానీ ఆయనకు చాలడం లేదు. చివరికి రాజారామే వంగి, రెండు నాబ్‌లను కొసదాకా తిప్పేసి, మళ్లీ పాదాలు డబ్బాకు ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"కొట్టు."

కొట్టాడు. ఇస్త్రీ చేసిన గుడ్డలా చదునుగా వచ్చింది పాట. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. గట్టిగా మీటినా మెల్లగా మీటినా ఒకటే బరువు. మధ్యలో గుయ్యిమని కరెంటు మోత. ప్రథమేశ్ ఇది వింటే చెవులు మూసుకునేవాడు అనుకున్నాడు తుషార్. కానీ రాజారాం కాలివేళ్లు పాటతోపాటు మెల్లగా కదులుతున్నాయి. మూసిన కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి జారుతున్నాయి.

"ఇదే" అన్నాడు. "ఇది మా ప్రథమేశే."

కొడుకు పోయిన దుఃఖంలో అంతటి చెవీ గురి తప్పిందని తుషార్‌కు ఆయన మీద జాలి కలిగింది. పెడల్ ఒక్కటీ సంచిలో పెట్టుకుని, పోయొస్తా కాకా అని గట్టిగానే చెప్పాడు. రాజారాం కళ్లు తెరవలేదు. స్విచ్ ఆపేశాక కూడా ఆయన పాదాలు డబ్బాను వదల్లేదు.

సందు మలుపులో బండి దగ్గర ఆగి పెడల్ బయటికి తీశాడు తుషార్. స్టేజి ఎక్కకముందే తనకు గుర్తున్నట్టు మార్చేద్దామని నాబ్ మీద వేలు పెట్టాడు. వెనకాలే వచ్చిన కమల ఆ చెయ్యి పట్టుకుంది.

"తిప్పకు బిడ్డా."

"ఇది వాని సౌండ్ కాదు కాకూ. స్టేజి మీద వాడు ఎన్నడూ ఇట్ల వాయించలే."

"స్టేజి సంగతి నాకెరుకలేదు. ఇది ఇంట్లది." కమల అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కార్ఖానా మాలక్‌కు తెలిస్తే పనిలకెల్లి తీసేస్తడని ఎవ్వరికీ చెప్పలే. మీ కాకాకు చెవులు ఇనరాక నాలుగేండ్లాయె. ఒక్క దెబ్బ గూడ తప్పకుండ నాయ్న కాళ్లకు తగలాలని, వాడు దినాం అట్ల తిప్పి వాయించేటోడు."