కంపెనీ అనుమతి

పాప మాటల పెట్టె మూగబోయి వారమైంది.

పెట్టె మీది బొమ్మ నొక్కితే అది మాట్లాడుతుంది. పుట్టినప్పటినుంచీ మాటరాని పిల్లకి ఉన్న నోరు అదొక్కటే.

రిపేరు షాపులో పాపని బెంచీ మీద కూర్చోబెట్టి ఆమె తండ్రి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. షాపుల మీద పడి దొంగ సాఫ్ట్‌వేర్ పట్టుకునే ఇన్‌స్పెక్టరాయన. నిక్కచ్చి మనిషని పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

"ప్రోగ్రాం చెడిందండీ. మళ్ళీ వేస్తేగాని మాట్లాడదు. కంపెనీ చూస్తే మూతపడింది. ఉండండి, కేబుల్ తెస్తా," అని మెకానిక్ వెనక గదిలోకి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే ఒక పెద్దావిడ వచ్చింది. వస్తూనే పాపని చూసి ఆగిపోయింది.

"బాబూ, ఈ పెట్టె ప్రోగ్రాం అసలు రాత, సోర్స్ కోడ్, నా దగ్గరుంది," అంటూ పెన్‌డ్రైవ్ చూపించింది.

ఇన్‌స్పెక్టర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"ప్రోగ్రాం కాపీ చెయ్యకూడదని పెట్టె మీదే రాసుంది. చూళ్ళేదా?"

"ఇది మనుషులు చదువుకునే రాతే కదా బాబూ. మెషిన్‌కి అర్థమయ్యేలా మార్చేదాకా నడవదు."

"ఈ కబుర్లు రోజూ వింటున్నా. కోడైనా ప్రోగ్రామే."

"రాసినవాళ్ళే ఇస్తే?"

"ఎవరిచ్చినా కంపెనీ అనుమతి కావాలి."

"కంపెనీ అంటే..."

"ఇటివ్వండి ముందు."

పాప కేసి చూడలేకపోయాడు. కానీ నా ఇంట్లోనే దొంగసరుకు ఉందంటే రేపు నలుగురిలో తలెత్తుకోగలనా అనుకున్నాడు.

దొంగ కాపీని దొరికినచోటే తుడిచెయ్యడం ఆయన పద్ధతి. పెన్‌డ్రైవ్ లాక్కుని కౌంటర్ మీది కంప్యూటర్‌కి తగిలించాడు.

"తొందరపడకండి బాబూ, ఒక్క మాట..."

ఆవిడ అంటుండగానే పనైపోయింది. ఇక ఎవరి తరమూ కాకుండా తుడిచిపెట్టేశాడు.

ఆవిడ ఖాళీ తెరని చూస్తూ నిలబడింది. పాప తల నిమిరింది. ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకుని వెళ్ళిపోయింది.

మెకానిక్ కేబుల్‌తో వచ్చాడు.

"అమ్మగారు ఇంకా రాలేదా? ఫోన్‌లో పాప సంగతి చెప్తే బయల్దేరానన్నారే."

"ఎవరో వచ్చింది, దొంగ కాపీతో. తుడిచేసి పంపించా."

మెకానిక్ మొహం పాలిపోయింది.

"తుడిచేశారా? మిగిలింది అదొక్కటేనండీ."

"కంపెనీవాళ్ళ దగ్గర లేకపోతుందా?"

"కంపెనీవాళ్ళెవరండీ... మాటరాని తన కూతురి కోసం ఇంట్లో కూర్చుని ఒక్కరే ఈ ప్రోగ్రాం రాశారు, ఆ పిల్ల పోయాక మూసేశారు. ఆ కంపెనీ అంటే ఆవిడేనండీ."