కూల్చిన ఇంటి అడ్రసు

ఆసుపత్రుల్లో రోగుల నరాల్లోకి మందెక్కించే మెషిన్ అది. ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోతోందో దాన్ని తయారుచేసే ఆఫీసులో ఎవరికీ అంతుబట్టలేదు.

ఈ వారంలోగా తప్పు పట్టుకోకపోతే టీమ్ లీడరు ఉద్యోగం ఊడినట్టే.

అందుకని మనవాడో అతితెలివి కనిపెట్టాడు. ఇంటర్వ్యూలకొచ్చిన వాళ్లకి ఆ మెషిన్ కోడే ప్రశ్నగా ఇవ్వడం. ఎవరో ఒకరు పుణ్యం కట్టుకోకపోతారా అని!

ఆ రోజు రిసెప్షన్లో నడివయసు ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది.

"రండి మేడమ్, లోపలికి."

"బాబూ, నేనొచ్చింది..."

"తెలుసండీ. ముందు ప్రశ్న, తర్వాత పరిచయాలు. సి భాషలో పాయింటర్లు వచ్చా?"

ఆవిడ వింతగా చూసింది. "కాలేజీలో పిల్లలకి నేను చెప్పే పాఠమే అది."

స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాడు. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"మందు సీసా మార్చగానే పాత సీసా వివరాలు చెరిపేస్తున్నారు. అడ్రసు గుర్తుపెట్టుకునే పాయింటరు మాత్రం ఇంకా ఆ పాతదే పట్టుకునుంది. ఇల్లు కూల్చేశాక వెళ్లి తలుపు కొడితే ఎవరు పలుకుతారు?"

"ఏ కంప్యూటర్ భాషలోనైనా అంతే కదండీ?"

"ఎందుకంతే? జావాలో ఒక్కరి దగ్గర అడ్రసున్నా ఆ ఇల్లు కూల్చరు. రస్ట్ అనే భాషలో కూల్చిన ఇంటికి అసలు బయల్దేరనివ్వరు. సి మాత్రం పొమ్మంటుంది. పోయాక మన ఖర్మ."

లీడరుకి ప్రాణం లేచొచ్చింది.

"ఈ మెషిన్ ఎక్కడైనా వాడుతున్నారా?" ఆవిడ అడిగింది.

"అబ్బే! పరీక్ష కోసం అల్లిందండీ." తడుముకోకుండా అబద్ధమాడేశాడు.

ఆవిడ స్క్రీన్ మీద ఆ లైను వేలితో చూపించింది.

"వాడుతుంటే మాత్రం ఇవాళే దిద్దు నాయనా. చెరిపే ముందు పాయింటర్ని కొత్త సీసా వైపు తిప్పు. ఒక్క లైను, అంతే."

లేచి వెళ్లిపోయింది.

లీడరు దిద్ది చూశాడు. సీసా ఎన్నిసార్లు మార్చినా మెషిన్ ఆగితే ఒట్టు! ఎగిరి గంతేసి రిసెప్షన్‌కి పరిగెత్తాడు.

"ఆవిడేరీ? ఉద్యోగం ఖాయమని చెప్పాలి!"

రిసెప్షనిస్టు బిత్తరపోయింది. "ఇంటర్వ్యూ అమ్మాయి రాలేనని ఇందాకే ఫోన్ చేసింది కదా సార్!"

"మరి ఈవిడ?"

"డైరెక్టర్ గారి కోసం వచ్చారు. ఆయన వచ్చేలోపే మీరు లాక్కెళ్లారు."

"ఆయనతో ఏం పని?"

"మెషిన్ ఎందుకు ఆగిందో ఇక్కడ ఒక్కరైనా చెప్తారేమోనని వచ్చారట."

"ఏ మెషిన్?"

రిసెప్షనిస్టు తల దించుకుంది.

"పోయిన నెల మన మెషిన్ ఆగి ఒకమ్మాయి చనిపోయింది కదా సార్, ఆ పిల్ల తల్లి ఆవిడ."