ఎర్ర చుక్క

"ముట్టుకోకండి!"

డేల్ అరిచిన అరుపుకి ముసలావిడ ఉలిక్కిపడి ఎడమచెయ్యి వెనక్కి తీసుకుంది. కుడిచేతిలో చిన్న సూట్‌కేసు ఉంది.

కొట్టులో బల్ల మీద అరవై మూడో సంవత్సరం నాటి ఎలక్ట్రిక్ బేస్ గిటారు వెల్లకిలా పడి ఉంది. తీగలు విప్పేసి, రేకు మూత ఊడదీసి ఉంది. తీగల మోతని పట్టే లోపలి రాగి చుట్టలు బయటికి కనబడుతున్నాయి.

ట్రక్కు అమ్మి మరీ కొన్నాడు దాన్ని డేల్. మూడింటికి ప్రెంటిస్ అనే ఆయన చూడ్డానికి వస్తున్నాడు. పాత గిటార్లంటే పిచ్చి ఆయనకి. ఫ్యాక్టరీలో బిగించింది బిగించినట్టే ఉంటే అడిగినంతా ఇస్తాడు. మధ్యలో ఎవడైనా వేలు పెట్టాడని తెలిస్తే మాత్రం వచ్చిన దారినే పోతాడు.

"ఏం కావాలమ్మా మీకు?"

"ఏమీ వద్దు నాయనా. బస్సుకి ఇంకా టైముంది. కిటికీలోంచి ఇది కనబడితే లోపలికొచ్చాను."

"ఇదేమన్నా మ్యూజియమా?"

ఆవిడ వినిపించుకోలేదు. కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"అరే, ఎర్ర చుక్క ఇంకా పోలేదే!" అని నవ్వింది.

డేల్ కూడా వంగి చూశాడు. రాగితీగ కొస దగ్గర ఆవగింజంత ఎర్ర మచ్చ. పొద్దున్నించీ అతని ప్రాణం తీస్తున్నది అదే. పాత గిటార్ల పుస్తకంలో చుట్టల మీద నల్ల మైనం అని ఉంది కానీ ఎరుపు ఊసే లేదు. అంటే ఎవడో విప్పి, బాగుచేసి, గుర్తు పెట్టాడన్నమాట. ఇప్పుడు దారిన పోయే ముసలమ్మ కంట్లో కూడా పడింది. ఇంక ప్రెంటిస్ కంట్లో పడదా?

"ఆ చుక్క గొడవ మీకెందుకండీ?"

"తుడిచెయ్యకు నాయనా. తుడిచేస్తే మళ్లీ పెట్టేవాళ్లు లేరు."

"లేకపోతే పీడా పోయింది!"

ఆవిడ ముఖం చిన్నబోయింది. అయినా కదల్లేదు.

"పోనీ, ఒక్కసారి వాయించి వినిపిస్తావా?"

"తీగలే లేవు, ఏం వాయించను నా బొంద! పనుందమ్మా, దయచేయండి."

"ఇప్పుడు కాదులే. బిగించాక ఎలాగూ వాయించి చూసుకుంటావుగా, అప్పుడు..."

డేల్ తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిడ సూట్‌కేసు మోసుకుంటూ ఎండలోకి వెళ్లిపోయింది.

డేల్ దూదిపుల్లని రంగు కరిగించే థిన్నర్‌లో ముంచి ఒక్క తుడుపు తుడిచాడు. చుక్క మాయమైంది. హమ్మయ్య అనుకున్నాడు.

పనిలో మాత్రం డేల్‌కి వంక పెట్టలేం. మూత బిగించి తీగలు ఎక్కించాడు. గిటారు మెడ కాస్త ముందుకు వంగితే లోపలి కడ్డీని పావు చుట్టు తిప్పి సరిచేశాడు. మెట్లకి తగిలీ తగలనంత ఎత్తులో తీగల్ని నిలబెట్టాడు. బిరడాలు తిప్పి శ్రుతి చేశాడు. ఆఖర్న చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాయించడం మొదలుపెట్టాడు. స్పీకర్లో అయితే సన్నటి కరకరలు దొరకవని ఎప్పుడూ హెడ్‌ఫోన్లే వాడతాడు.

అబ్బ! ఏం గొంతు! పొట్టలోంచి లేచి వస్తున్నట్టుంది. కళ్లు మూసుకుని గంటకు పైగా వాయించాడు. కొట్టులో మాత్రం తీగల మీద వేళ్ల టకటక తప్ప ఏమీ లేదు.

మూడింటికి ప్రెంటిస్ వచ్చాడు. మూత విప్పించి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"భలే సరుకు డేల్! ఈ చుట్టు చూశావా? ఎడమచేతి వాటం. ఇలా చుట్టేది ఆ ఫ్యాక్టరీలో ఒకే ఒక్క పిల్ల. మరి చుక్క ఏదీ?"

"ఏం చుక్క?"

"ఎర్ర చుక్క. చుట్టడం అయిపోయాక తన గోళ్లరంగే కొసకి అంటించేదట. ఏ పుస్తకంలోనూ ఉండదులే, పాత పనివాళ్ల కాళ్లావేళ్లా పడి తెలుసుకున్నాను. చుక్కతో సహా తొమ్మిదే దొరికాయి ఇప్పటిదాకా."

ప్రెంటిస్ ముక్కు ఎగబీల్చాడు.

"థిన్నర్ వాసనేంటి? నువ్వుగానీ తుడిచావా?"

"పుస్తకంలో... నలుపని ఉంటేనూ..."

"నీ పుస్తకం తగలెయ్య!" ప్రెంటిస్ భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "చుక్క లేందే ఎవరూ నమ్మరు. ఇక ఇది తనదేనని ఆవిడే వచ్చి చెప్పాలి. అసలు ఉందో పోయిందో."

డేల్ అప్పటికే రోడ్డు మీదికి పరిగెత్తాడు.

కొట్టుకి ఎదురుగా బస్‌స్టాపులో బల్ల ఖాళీగా ఉంది. పక్కన నాచో తన బండి మీద మామిడికాయ ముక్కలకి కారం చల్లుతున్నాడు.

"నాచో! ఇక్కడో ముసలావిడ, సూట్‌కేసుతో..."

"ఒఫెలియమ్మా? ఇప్పుడేగా బస్సెక్కింది! ఇల్లు ఖాళీ చేసేసి కూతురి దగ్గరికి పోతోందట. ఏ ఊరో చెప్పలేదు."

"ఇంతసేపు ఇక్కడే ఉందా?"

"రెండు బస్సులు వదిలేసింది మహాతల్లి. ఎండ మాడ్చేస్తోంది, ఎక్కమ్మా అంటే వినదే! నీ కొట్టు వైపు చెవి ఒగ్గి కూర్చుంది. నన్ను కూడా నోరు మూసుకోమంది. ఇదిగో వాయిస్తాడు, అదిగో వాయిస్తాడు అంటూ ఒకటే ఎదురుచూపు. ఇంతకీ నువ్వు వాయించనే లేదేం?"

డేల్ చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. హెడ్‌ఫోన్లు ఇంకా అక్కడే వేలాడుతున్నాయి.

"పాపం, ముప్పై ఏళ్లు ఆ ఫ్యాక్టరీలో తీగ చుట్టిందట," అన్నాడు నాచో. "తను చేసినవాటిలో ఒక్కటి మోగితే ఎలా ఉంటుందో, ఈ జన్మకి విననే లేదంది."