మేయర్ గారికి కుదుపు పడదు

కిందటేడు జులై నాలుగున, ఉదయం పదీ నలభైకి, విస్కాన్సిన్‌లోని హారో బెండ్ ఊరి మేయర్ నడుస్తున్న కారులోంచి దూకారు.

కారు నడుపుతున్నది ఓరిన్ హాగెన్. పైకప్పు మడిచే కన్వర్టిబుల్, అతని సొంతది. మాన్యువల్ గేర్లు. స్వాతంత్ర్య దినం పరేడ్ మనిషి నడకతో సమానంగా సాగుతుంది. ముందున్న బ్యాండు ఆగినప్పుడల్లా క్లచ్ నొక్కాలి, కదిలినప్పుడల్లా వదలాలి. బేకరీ దగ్గర వదలడంలో తేడా వచ్చింది. కారు ఎగిరిపడింది. వెనక సీట్లో నిలబడి ఉన్న మేయర్ రోడ్డు మీదికి దూకి, జనాన్ని తోసుకుంటూ పూల దుకాణంలోకి వెళ్లిపోయారు. ఆయన్ని బయటికి రప్పించేసరికి పరేడ్ అయిపోయింది.

మేయర్ కారు నడపడం ఓరిన్‌కు వాళ్ల నాన్న నుంచి వచ్చిన పని. ఈసారి కుదుపు లేని కారు తేకపోతే మేయర్‌ని తన ఎండుగడ్డి బండిలో ఊరేగిస్తానని ఓరిన్ బావమరిది లైల్ కమిటీకి చెప్పాడు. కమిటీ కాదనలేదు.

జూన్‌లో ఓరిన్ పాత కారు అమ్మేశాడు. పరేడ్ కమిటీ అధ్యక్షురాలు వర్లా స్టంఫ్‌ని వెంటబెట్టుకుని, పక్క ఊళ్లో పాత కార్లు అమ్మే డ్వేన్ కెస్లర్ దగ్గరికి వెళ్లాడు. ఎండ కాస్తోంది. వర్లా రెయిన్‌కోటు వేసుకుంది. చేతిలో నిండా లెమనేడ్ ఉన్న జగ్గు.

డ్వేన్ ఒకసారి ఆకాశం వైపు చూశాడు. ఎర్ర కన్వర్టిబుల్ దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఎనిమిది సిలిండర్లమ్మా. మాన్యువల్. తొక్కారంటే వీపు సీటుకి అతుక్కుపోద్ది.”

“మా మేయర్ గారు వీపు ఆనించి కూర్చోరు బాబూ,” అంది వర్లా. “నిలబడే ఉంటారు.”

“ఎంత స్పీడులో వెళ్తారు?”

“బ్యాండు మేళం వెనకాల ఎంత స్పీడులో వెళ్తారయ్యా?”

“నాకు క్లచ్ వద్దు,” అన్నాడు ఓరిన్. “దాని పేరెత్తకు.”

డ్వేన్ నీలం కారు చూపించాడు. ఆటోమేటిక్. ఇంజిన్ మాత్రం ఎనిమిది సిలిండర్లదే. వర్లా వెనక సీటెక్కి, జగ్గు ఒళ్లో పెట్టుకుంది. ఓరిన్ గేరు వేసి బ్రేకు మీంచి కాలు తీశాడు. కారు తనంతట తనే ఉరికింది. బ్రేకు నొక్కాడు. వదిలాడు. మళ్లీ ఉరికింది. మళ్లీ నొక్కాడు. లెమనేడ్ రెయిన్‌కోటు మీదుగా కారి సీటు కిందికి పోయింది.

“నేనేం తొక్కలేదు,” అన్నాడు ఓరిన్.

“తొక్కకుండానే ఇలా ఉంటే, తొక్కితే నన్ను పక్క జిల్లాలో వెతుక్కోవాలి.”

షెడ్డు వెనక బూడిద రంగు కన్వర్టిబుల్ ఒకటి ఉంది. ఓరిన్ అటు నడిచాడు.

“అది మీకెందుకండీ,” అన్నాడు డ్వేన్. “ఆటోమేటిక్కే, కానీ నాలుగు సిలిండర్లు. గుట్ట ఎక్కాలంటే మీరే దిగి తొయ్యాలి.”

“మా ఊళ్లో గుట్టల్లేవు.”

వర్లా తాము వచ్చిన ట్రక్కులోంచి రెండో జగ్గు తీసింది.

ఓరిన్ బ్రేకు మీంచి కాలు తీశాడు. కారు మెల్లగా కదిలింది. కుదిపేంత బలం ఆ ఇంజిన్‌కు లేదు. ఏమీ తొక్కకపోతే సరిగ్గా మనిషి నడిచినట్టు పోతోంది. బ్రేకు మీద కాలు ఆనిస్తే ఆగుతోంది. డ్వేన్ తలుపు మీద చెయ్యేసి పక్కనే నడిచాడు.

“మేయర్ గారు కూడా వచ్చి చూసుకుంటే బాగుండేది కదమ్మా.”

“ఆయనకి కార్ల గొడవ పట్టదు.”

“మంచాయనేనా?”

“మూడుసార్లు గెలిచారు. ఇంతవరకు ఒక్క మాట తప్పలేదు.”

“పన్నులు పెంచారా?”

“ఆ ఊసే ఎత్తలేదు.”

“అలాంటాయన మాకెక్కడ దొరుకుతాడు. మావాడు మైకు పట్టుకున్నాడంటే వదలడు.”

“మా మేయర్ని మేం మైకు దగ్గరికే రానివ్వం,” అంది వర్లా. జగ్గు ఎత్తి చూసింది. చుక్క కూడా ఒలకలేదు. “ఓరిన్, ఇదే తీసుకో. నీ బావమరిది ఏడుపు నేను చూసుకుంటా.”

ఈ ఏడు జులై నాలుగున పరేడ్ అనుకున్న సమయానికే బయల్దేరింది. బ్యాండు ఆగితే కారు ఆగింది. బ్యాండు నడిస్తే కారు నడిచింది. బేకరీ దగ్గర లైల్ ఎండుగడ్డి బండి కట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు.

“ఓరిన్ బావా, ఎక్కువ ఇబ్బంది పడకు. నేనిక్కడే ఉన్నా,” అని కేకేశాడు.

మేయర్ తల తిప్పి లైల్ బండి వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఓరిన్ బ్రేకు మీద కాలు ఆనించాడు. కారు కుదుపు లేకుండా ఆగింది, కుదుపు లేకుండా కదిలింది. మేయర్ దూకలేదు. బేకరీ దాటాక వెనక్కి తిరిగి, చివరిదాకా తల వంచుకునే ఉన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఓరిన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

వచ్చే ఏడు కూడా మేయర్ కారు ఓరిన్ హాగెనే నడుపుతాడని వర్లా స్టంఫ్ అక్కడికక్కడే ప్రకటించింది. లైల్ బండి విప్పుకుని ఇంటికి వెళ్లాడు.

బేకరీ నుంచి దారి పొడవునా, మడిచి ఉన్న పైకప్పు గుడ్డను సగం దాకా నమిలి మింగిన మేయర్‌కు ప్రమాదమేమీ లేదని, ఆ వయసు మేకలకు అలాంటి ఆకలి మామూలేనని పశువైద్యురాలు మధ్యాహ్నం ధ్రువీకరించారు.